జతకట్టిన తర్వాత: టెట్రాహైమెనాలో కొత్త కేంద్రకం మీద పాత కేంద్రకం పెత్తనం

అందరికీ నమస్కారం.

ఈ పూట మాట్లాడబోయేది టెట్రాహైమెనా థర్మోఫిలా అనే మంచినీటి సీలియేట్ గురించి. ఒంటినిండా శైలికలున్న ఏకకణ జీవి. పొడవు సుమారు 50 మైక్రాన్లు. రెండు కణాలు జతకట్టాక, అంటే సంయుగ్మం మొదలయ్యాక, లోపల కేంద్రకాలు ఎలా మారతాయి, ఆ మార్పుల్ని ఏ జన్యువులు నడిపిస్తాయి అన్నది మన విషయం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. సంయుగ్మంలో పుట్టే కొత్త కేంద్రకాన్ని మొదట తీర్చిదిద్దేది దాని సొంత జన్యువులు కావు. ఇంకొన్ని గంటల్లో చచ్చిపోబోయే పాత కేంద్రకం ఆ పని చేస్తుంది. కాబట్టి ఈ జీవిలో ఒక జన్యువు పనిచేయడం లేదని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగాలి: ఏ కేంద్రకంలో, ఏ గంటలో, జంటలో ఎవరి వైపు? ఈ మూడూ తేల్చుకోకుండా చేసిన ప్రయోగాన్ని నేనైతే నమ్మను.

ప్రతి కణంలో రెండు కేంద్రకాలుంటాయి. సూక్ష్మకేంద్రకం బీజ కేంద్రకం. ద్వయస్థితికం, ఐదు జతల క్రోమోజోములు, ఒక్కో సెట్‌లో సుమారు 15.7 కోట్ల క్షారజంటలు. మామూలు పెరుగుదలలో అది మౌనంగా ఉంటుంది, అందులో జన్యువులు పలకవు. కణం బతికేది స్థూలకేంద్రకం మీద. దానిలో 181 రకాల చిన్న క్రోమోజోములు, ఒక్కోటి దాదాపు 45 ప్రతులు. రైబోసోమ్ ఆర్ఎన్ఏ జన్యువున్న చిన్న క్రోమోజోమైతే 9 వేల ప్రతుల దాకా ఉంటుంది. స్థూలకేంద్రకం జన్యురాశి సుమారు 10.3 కోట్ల క్షారజంటలే. అంటే బీజ కేంద్రకంలో ఉన్నదాంట్లో మూడో వంతు ఇక్కడ లేదు. ఆ మూడో వంతు ఎలా పోతుంది, ఏది పోవాలో ఎవరు తేలుస్తారు అన్నదే ఈ కథకి గుండెకాయ. నేనిక చిన్న కేంద్రకం, పెద్ద కేంద్రకం అనే అంటాను.

ముందు జతకట్టించడం. వేగంగా పెరుగుతున్న దశలో ఉన్న రెండు వేర్వేరు సంగమ రకాల కణాల్ని విడివిడిగా కడిగి, 10 మిల్లీమోలార్ ట్రిస్ ద్రావణంలో, పీహెచ్ 7.4 దగ్గర, 30 డిగ్రీల సెల్సియస్‌లో రాత్రంతా పస్తు పెట్టాలి. మర్నాడు మిల్లీలీటరుకు 2 లక్షల కణాలుండేలా సర్ది, సమానంగా కలపాలి. ఈ జాతిలో సంగమ రకాలు ఏడు. ఏ రెండు వేర్వేరు రకాలైనా జతకడతాయి. కలిపిన వెంటనే ఏమీ కనిపించదు. గంటసేపు కణాలు ఒకదాన్నొకటి తాకుతూ సిద్ధమవుతాయి. దానికి ఆ తాకిడి తప్పనిసరి. తర్వాత కొన దగ్గర రెండు కణాల పొరలు అతుక్కుని, ఆ అతుకులో సన్నటి రంధ్రాలు వందల సంఖ్యలో ఏర్పడతాయి. రెండు కణాల కణద్రవ్యం ఇటూ అటూ పారడం అప్పుడే మొదలవుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో చాలా పని ఉంది.

జతలు సరిగా రాకపోతే వెతకాల్సినవి కొన్నే. కడగడంలో తిండి మిగిలిపోయి ఉండవచ్చు. లోతైన ఫ్లాస్కులో పోస్తే అడుగున ఆక్సిజన్ చాలదు, అందుకే వెడల్పాటి పెట్రీ డిష్‌లో పలచటి పొరగా పోస్తారు. కలిపాక షేకర్ మీద ఊపుతూ ఉంచితే జతలు నిలవవు. వీటన్నిటికంటే మోసం చేసేది ఇంకోటుంది. జతలు ఎనభై తొంభై శాతం చక్కగా కడతాయి, పిల్లలు మాత్రం రావు. ఏళ్ల తరబడి విభజన చెందుతూ వచ్చిన కణవంశాల్లో చిన్న కేంద్రకం క్రోమోజోములు పోగొట్టుకుంటుంది. అది మామూలు పెరుగుదలకి అవసరం లేదు కాబట్టి పైకి కణం దివ్యంగా కనిపిస్తుంది. అందుకే మంచి కణవంశాల్ని ద్రవ నైట్రోజన్‌లో దాచుకుని, అప్పుడప్పుడూ తాజాగా బయటికి తీయాలి.

ఇక గంటల లెక్క, 30 డిగ్రీల దగ్గర, కలిపిన క్షణం నుంచి. రెండు గంటల తర్వాత క్షయకరణ విభజన మొదలవుతుంది. మూడు నాలుగు గంటల మధ్య చిన్న కేంద్రకం నెలవంకలా సాగి, మామూలు పొడవుకి సుమారు 50 రెట్లవుతుంది. డీఎన్ఏని వెలిగించే డాపి రంగు వేసి చూస్తే పెద్ద కేంద్రకం చుట్టూ తిరిగిన సన్నని తీగలా ఉంటుంది. ఇలా సాగడానికి డీఎన్ఏలో రెండు పోగులూ తెగడం కావాలి. ఆ కోతలు పెట్టేది స్పో11 అనే ప్రోటీన్. అది లేని కణాల్లో చిన్న కేంద్రకం సాగనే సాగదు. ఆరు గంటలకల్లా నాలుగు ఏకస్థితిక కేంద్రకాలు వస్తాయి. అతుకు దగ్గరికి చేరిన ఒక్కటే నిలుస్తుంది, మిగతా మూడూ కరిగిపోతాయి. నిలిచింది ఒకసారి సమవిభజన చెంది రెండవుతుంది. ఒకటి ఇంట్లోనే ఉంటుంది, ఒకటి పక్క కణంలోకి దాటుతుంది. ఏడు గంటల దగ్గర రెండూ కలిసి సంయుక్త కేంద్రకం.

సరిగ్గా మార్పిడి జరగబోయే ఆరో గంట దగ్గర గ్లూకోజ్‌తో ద్రావణం గాఢత ఒక్కసారిగా పెంచితే కేంద్రకాలు దాటలేవు. ఎవరి రెండు కేంద్రకాలు వాళ్లలోనే కలుస్తాయి. పుట్టిన పిల్ల ప్రతి జన్యువుకూ సమయుగ్మజం, అంటే రెండు ప్రతులూ ఒకటే. కొత్త ఉత్పరివర్తనాల్ని వేటాడేవాళ్లకి ఇదొక వరం, ఎందుకంటే అంతర్గత లక్షణం ఒక్క తరంలోనే బయటపడుతుంది.

సంయుక్త కేంద్రకం వెంటవెంటనే రెండుసార్లు విభజన చెందుతుంది. నాలుగు కేంద్రకాలు, నాలుగింటిలోనూ ఒకటే డీఎన్ఏ. కణం ముందు కొనకి చేరిన రెండు పెద్ద కేంద్రకాలవుతాయి. వెనక కొనకి చేరిన రెండు చిన్నవిగానే ఉండిపోతాయి. అంటే తలరాత తేల్చేది చోటు. 1953లోనే డేవిడ్ నానీ ఈ దశలో కణాల్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కేంద్రకాల చోటు మారితే వాటి గతి మారుతుందని చూపించాడు. కణద్రవ్యంలో ముందుకీ వెనక్కీ ఉన్న తేడా ఏమిటన్నది కష్టమైన ప్రశ్న. దాని తొలి ఫలితం ఒకటి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది: కేంద్రక రంధ్రాలు మారిపోతాయి. పెద్ద కేంద్రకం రంధ్రాల్లో ఒక రకం నప్98 ప్రోటీన్, చిన్న కేంద్రకం రంధ్రాల్లో ఇంకో రకం. రెండో విభజన ముగిసే వేళకే ముందు కొన కేంద్రకాల పొర మీద పెద్ద రకం రంధ్రాలు కుదురుకుంటాయి. తలుపు మారితే లోపలికి వచ్చే ప్రోటీన్లు మారతాయి, ఆ తర్వాత అంతా మారుతుంది.

ఈ లోపు పాత పెద్ద కేంద్రకం వెనక్కి జరిగి, ముడుచుకుని, లైసోసోములు వచ్చి కలవడంతో ఆమ్లమయమై కరిగిపోతుంది. పన్నెండు గంటల దగ్గర జంట విడిపోతుంది. విడిపోయిన కణంలో రెండు కొత్త పెద్ద కేంద్రకాలు, రెండు చిన్నవి. చిన్నవాటిలో ఒకటి కరిగిపోతుంది. తిండి దొరకకపోతే రెండు పెద్దవి, ఒక చిన్నది ఉన్న దశలోనే ఆగి ఎదురుచూస్తుంది. తిండి వేస్తే విభజన మొదలై, ఒక్కో పిల్ల కణానికి ఒక్కో పెద్ద కేంద్రకం వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. నెలవంక దశలో, అంటే మూడు గంటల దగ్గర, ఎప్పుడూ మౌనంగా ఉండే చిన్న కేంద్రకం ఒక్కసారిగా ఆర్ఎన్ఏ తయారుచేస్తుంది. రేడియోధార్మిక యూరిడిన్‌తో ఈ సంగతి 1974లోనే కనిపెట్టారు. ఎందుకో అర్థమవడానికి 2002 దాకా పట్టింది. ఆ ఏడాది కజుఫుమి మొచిజుకి, మార్టిన్ గొరోవ్స్కీ, సహచరులు ట్వి1 అనే ప్రోటీన్ మీద చేసిన పని వచ్చింది. అందులోంచి పుట్టింది స్కాన్ ఆర్ఎన్ఏ సిద్ధాంతం.

క్రమం ఇది. చిన్న కేంద్రకంలో డీఎన్ఏ రెండు పోగుల నుంచీ ఆర్ఎన్ఏ పుడుతుంది, జంట పోగుల ఆర్ఎన్ఏ అవుతుంది. డైసర్ జాతికి చెందిన డీసీఎల్1 అనే ఎంజైమ్ అక్కడే దాన్ని 28–30 న్యూక్లియోటైడ్‌ల ముక్కలుగా కోస్తుంది. ముక్కలు కణద్రవ్యంలోకి వచ్చి ట్వి1లోకి ఎక్కుతాయి. ట్వి1 చిన్న ఆర్ఎన్ఏల్ని పట్టుకునే పీవీ (Piwi) శాఖ ప్రోటీన్. తనలో ఎక్కిన రెండు పోగుల్లో ఒకదాన్ని కోసి పారేస్తుంది. ఒంటి పోగు మిగిలిన ట్వి1ని మాత్రమే జివ్1 అనే ప్రోటీన్ గుర్తుపట్టి, పాత పెద్ద కేంద్రకంలోకి చేరుస్తుంది. రెండు పోగులూ ఉన్నది లోపలికి పోదు. ఎంత చక్కటి కాపలా చూడండి, సగం పని అయినది గుమ్మం దాటదు.

పాత పెద్ద కేంద్రకంలో జరిగేది ప్రూఫ్ చూడటం లాంటి పని. అక్కడ పుడుతున్న ఆర్ఎన్ఏలతో ఈ చిన్న ముక్కలు ఒక్కోటీ జత కలిసి చూస్తాయి. ఆ కలయికకి ఎమా1 అనే హెలికేస్ ఎంజైమ్ తోడ్పడుతుంది. జత కుదిరిన ముక్క, అంటే పాత పెద్ద కేంద్రకంలో ఉన్న డీఎన్ఏ వరుసకి చెందినది, నాశనమవుతుంది. జత దొరకని ముక్కలు మిగులుతాయి. అవి బీజ కేంద్రకంలో మాత్రమే ఉన్న వరుసలవి. మిగిలినవాటితో ట్వి1 కొత్త పెద్ద కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ ఆ ముక్కకి సరిపోయిన చోటల్లా ఎజెల్1 అనే ఎంజైమ్, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3 ప్రోటీన్ మీద 9, 27 స్థానాల్లోని లైసిన్లకి మిథైల్ గుర్తులు పెట్టిస్తుంది. క్రోమోడొమైన్ అనే భాగమున్న పీడీడీ1 ప్రోటీన్ ఆ గుర్తుల్ని పట్టుకుంటుంది. అలా గుర్తుపడిన వరుసలు కేంద్రకంలో గుంపులుగా పోగవుతాయి. అప్పుడు టీపీబీ2 వచ్చి కోస్తుంది. ఒకప్పుడు పిగ్గీబ్యాక్ రకం ట్రాన్స్‌పోజాన్‌కి, అంటే గెంతే జన్యువుకి, చెందిన ఎంజైమ్ అది, ఇప్పుడు కణం ఇంట్లో మచ్చికైంది. గెంతే జన్యువుల ఎంజైమ్‌తోనే గెంతే జన్యువుల అవశేషాల్ని ఏరివేయడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

ఇలా తొలగే వరుసలు సుమారు 12 వేలు, మొత్తం 5.4 కోట్ల క్షారజంటలు. కోసిన చోట అతకడం మామూలు డీఎన్ఏ మరమ్మతు పరికరాల పని, కేయూ80 ప్రోటీన్ అందులో కీలకం. అది లేకపోతే కోత పడుతుంది, అతుకు పడదు, కొత్త పెద్ద కేంద్రకంలోని డీఎన్ఏ హరించుకుపోతుంది. కోత అన్నిచోట్లా కచ్చితంగా ఒకే అక్షరం దగ్గర పడదు. ఈ వరుసలు ఎక్కువగా జన్యువుల మధ్య జాగాల్లోనూ ఇంట్రాన్లలోనూ ఉన్నాయి కాబట్టి టెట్రాహైమెనాకి ఇది చెల్లుతుంది. ఎక్సాన్లలో ఉన్న కొద్దిపాటి వరుసలకి వేరే కోత ఎంజైములున్నాయి, అవి అక్షరం తప్పకుండా కోస్తాయి.

ఇదే సమయంలో క్రోమోజోములు కూడా విరుగుతాయి. 15 అక్షరాల గుర్తు ఒకటి దాదాపు 225 చోట్ల ఉంది. అది ఉన్న ప్రతిచోటా విరిగి, కొసలకి టీటీజీజీజీజీ అనే టెలోమియర్ వరుస కొత్తగా చేరుతుంది. కొన్ని ముక్కలు తర్వాత నిలవవు, అందుకే చివరికి 181. గంటల వ్యవధిలో ఇన్ని వందల కొసలకి టెలోమియర్ కట్టాలంటే ఆ పని చేసే ఎంజైమ్, టెలోమరేజ్, దండిగా ఉండాలి కదా. ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్ టెలోమరేజ్‌ని సరిగ్గా ఈ దశలో ఉన్న టెట్రాహైమెనా సారం నుంచే పట్టుకున్నారు, 1985లో.

పాత కేంద్రకంతో పోల్చి చూస్తారన్న మాటకి రుజువేమిటి? డగ్లస్ చాకర్, మెంగ్-చావ్ యావ్ 1996లో చూపించారు: తొలగాల్సిన వరుసని ముందుగానే పాత పెద్ద కేంద్రకంలో పెడితే, తర్వాతి తరంలో ఆ వరుస తొలగడం ఆగిపోతుంది. జన్యువు ఏదీ మారలేదు, పాత ప్రతిలో ఉందా లేదా అన్నదొక్కటే మారింది. 2003లో ఎదురు దిశలో చేశారు: సంయుగ్మంలో ఉన్న కణాల్లోకి మామూలు జన్యువుకి సరిపోయే జంట పోగుల ఆర్ఎన్ఏ ఎక్కిస్తే, ఆ జన్యువే కొత్త పెద్ద కేంద్రకం నుంచి ఎగిరిపోయింది.

దీని వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. మీరు చిన్న కేంద్రకంలో బయటి జన్యువు ఒకటి, ఉదాహరణకి నియోమైసిన్ నిరోధకత జన్యువు, పెట్టారనుకోండి. పాత పెద్ద కేంద్రకంలో అది లేదు. కణం దృష్టిలో అది పరాయి వరుస. కొన్ని పిల్లల్లో దాన్ని కోసి పారేస్తుంది. మందు తట్టుకోలేక పిల్లలు చచ్చిపోతే, జన్యువు చేరలేదని కాదు, చేరి తొలగిపోయి ఉండవచ్చు.

మొదట చెప్పిన మూడు ప్రశ్నలకి వస్తాను. పీడీడీ1 తీసుకోండి. పెద్ద కేంద్రకంలో మాత్రమే దాన్ని పూర్తిగా తీసేసి, చిన్న కేంద్రకంలో మంచి ప్రతి అలాగే ఉంచి, అలాంటి రెండు కణాల్ని జతకట్టిస్తే, డీఎన్ఏ తొలగింపు పూర్తవదు, పిల్లలు ఆగిపోయి చస్తాయి. కొత్త కేంద్రకంలో మంచి జన్యువు ఉండీ ఆదుకోలేదు, ఎందుకంటే అది పలికే వేళకి ఆలస్యమైపోయింది. దీనికి ఎదురు ఉదాహరణ ఏఎస్ఐ2. పాత పెద్ద కేంద్రకంలో మంచి ప్రతి ఉంచి, చిన్న కేంద్రకంలో తీసేస్తే, సంయుగ్మం సజావుగా నడిచి, పిల్లలు మాత్రం మళ్లీ మామూలు పెరుగుదలలోకి రాలేవు. అంటే ఈ జన్యువు కొత్త కేంద్రకం నుంచే పలకాలి. రెండు రకాల నాకౌట్‌లూ, అంటే ఆ జన్యువు తీసేసిన కణాలూ, చేయకుండా ఒక జన్యువు ఎప్పటి అవసరమో చెప్పలేం.

మూడో ప్రశ్న, ఎవరి వైపు. నాకౌట్ కణాన్ని మంచి కణంతో జతకట్టిస్తే, అతుకులోని రంధ్రాల గుండా మంచి ప్రోటీనూ దాని ఆర్ఎన్ఏ కూడా అటు పారి లోపాన్ని కప్పేస్తాయి. ఫలితం మామూలుగా కనిపిస్తుంది. అందుకే రెండు వేర్వేరు సంగమ రకాల్లో ఒకే నాకౌట్ తయారుచేసుకుని, వాటినే ఒకదానితో ఒకటి కలపాలి. పని రెట్టింపవుతుంది, తప్పదు.

పెద్ద కేంద్రకంలో నాకౌట్ రావడానికి కొంత ఓపిక కావాలి. అది సమవిభజన చెందదు, ప్రతులు ఎటు పడితే అటు పంచుకుపోతాయి. మందు మోతాదు మెల్లగా పెంచుతూ పోతే మంచి ప్రతులు తగ్గి, చివరికి అన్నీ నాకౌట్ ప్రతులే మిగులుతాయి. ప్రాణాధారమైన జన్యువైతే ఎంత పెంచినా కొన్ని మంచి ప్రతులు మిగిలే ఉంటాయి. అదే దాని ప్రాణాధారానికి ఆధారం. చిన్న కేంద్రకంలో మార్పు పెట్టాలంటే కలిపిన రెండున్నర నుంచి మూడున్నర గంటల మధ్య, డీఎన్ఏ పూసిన రేణువుల్ని కణంలోకి పంపే జీన్ గన్‌తో కొట్టాలి, క్షయకరణ విభజనలో అది తెరుచుకుని ఉంటుంది. కొత్త పెద్ద కేంద్రకంలోకే పంపాలంటే పది పదకొండు గంటల దగ్గర విద్యుత్ ఘాతంతో ఎక్కిస్తారు. గంట తప్పితే కేంద్రకం తప్పుతుంది.

పిల్లలు నిజంగా పిల్లలేనా అన్న తనిఖీ మీద నేను గట్టిగా పట్టుబడతాను. తొందరపడి నాలుగు గంటలకే తిండి వేస్తే చాలా జతలు పని ఆపేసి పాత కేంద్రకంతోనే పెరుగుతాయి. మధ్యలో ఏదైనా దశ చెడినా కొన్ని కణాలు పాత పెద్ద కేంద్రకాన్నే ఉంచేసుకుంటాయి. సూక్ష్మదర్శినిలో అవీ ఆరోగ్యంగానే ఈదుతాయి. దీనికి విరుగుడు హెటరోకేరియాన్లు: చిన్న కేంద్రకంలో సైక్లోహెక్సిమైడ్ నిరోధకత, పెద్ద కేంద్రకంలో అది లేదు. కొత్త పెద్ద కేంద్రకం కట్టుకున్నవే ఆ మందులో బతుకుతాయి. కలిపిన 24 గంటలకి తిండి వేసి, కొత్త జన్యువు పలకడానికి వ్యవధి ఇచ్చి, అప్పుడు మందు వేయాలి. రెండో తనిఖీ లైంగిక అపరిపక్వత. నిజమైన పిల్లలు మొదటి 40 నుంచి 60 విభజనల దాకా ఎవరితోనూ జతకట్టవు. వారంలోపే జతకట్టేస్తే అది పిల్ల కాదు.

డీఎన్ఏ తొలగిందా అని పీసీఆర్‌తో చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. గుంపు నుంచి తీసిన డీఎన్ఏలో చిన్న కేంద్రకం తొలగని పట్టీని, జతకట్టని కణాల పెద్ద కేంద్రకం తొలగిన పట్టీని ఎప్పుడూ ఇస్తూనే ఉంటాయి. రెండు పట్టీలు కనిపిస్తే ఏమీ తేలదు. విడిపోయిన జంట కణాల్ని ఒక్కొక్కటిగా ఏరి చేయాలి, లేదా ఫ్లోరసెంట్ ప్రోబ్‌తో కేంద్రకంలోనే చూడాలి. తొలగాల్సిన వరుస ఎక్కువసార్లు పునరావృతమయ్యేదైతే ప్రోబ్ బాగా వెలుగుతుంది: మంచి కణాల్లో ఒకటిన్నర రోజుకల్లా చిన్న కేంద్రకంలోనే వెలుగు మిగులుతుంది, ట్వి1 లేనివాటిలో రెండు పెద్ద కేంద్రకాలూ ఇంకా వెలుగుతూ ఉంటాయి.

సంగమ రకం కూడా ఈ గంటల్లోనే ఖాయమవుతుంది. చిన్న కేంద్రకంలో ఎంటీఏ, ఎంటీబీ అనే జన్యువుల జతలు వరుసగా ఉంటాయి, ఒక్కో రకానికి ఒక జత, చాలావరకు అసంపూర్ణం. కొత్త పెద్ద కేంద్రకం కట్టుకునేటప్పుడు ఒక జత పూర్తవుతుంది, మిగతావి తొలగిపోతాయి. ఏది నిలుస్తుందో తల్లిదండ్రుల రకం చెప్పదు. ఒకే కణంలోని రెండు కొత్త పెద్ద కేంద్రకాలు కూడా వేర్వేరు రకాలు ఎంచుకోవచ్చు.

పారమీషియంలో అలా కాదు. పారమీషియం టెట్రౌరేలియాలో రెండే రకాలు, ఓ, ఇ. ఎంటీఏ పేరే ఉన్నా వేరే జన్యువు అక్కడ ఇ రకాన్ని నిర్ణయిస్తుంది. దాని ప్రమోటర్‌ని, అంటే జన్యువు పలకడాన్ని మొదలుపెట్టించే వరుసని, తొలగించాల్సిన వరుసలా కోసేస్తే ఓ రకం. పాత పెద్ద కేంద్రకంలో ఆ ప్రమోటర్ లేకపోతే స్కాన్ ఆర్ఎన్ఏలు మిగిలి కొత్తదాంట్లోనూ కోయిస్తాయి, కాబట్టి కణద్రవ్యం ఎవరిదో పిల్ల వాళ్ల రకమే. అక్కడ తొలగే వరుసలు సుమారు 45 వేలు, చాలా జన్యువుల నడిమధ్యలో ఉంటాయి, అందుకే ఒక్క అక్షరం తేడా కూడా చెల్లదు.

ఆక్సిట్రైకా అనే ఇంకో సీలియేట్‌లో దిశే తిరగబడింది. అక్కడ బీజ జన్యురాశిలో 90 శాతానికి పైగా పోతుంది, మిగిలిన ముక్కలు కూడా వరుస తప్పి, కొన్ని తలకిందులుగా ఉంటాయి. అక్కడి 27 న్యూక్లియోటైడ్‌ల చిన్న ఆర్ఎన్ఏలు పోవాల్సినవాటిని కాదు, ఉండాల్సినవాటిని గుర్తిస్తాయి. ముక్కల్ని ఏ వరుసలో అతకాలో చెప్పేది పాత పెద్ద కేంద్రకం నుంచి వచ్చిన పొడవాటి ఆర్ఎన్ఏ. 2008లో వరుస మార్చి కట్టిన కృత్రిమ ఆర్ఎన్ఏని జతకట్టిన కణాల్లోకి ఎక్కిస్తే, కొత్త పెద్ద కేంద్రకంలో ముక్కలు ఆ మార్చిన వరుసలోనే అతుక్కున్నాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.